మూడంగుళాల గొట్టం

"చదువుకున్నవాళ్ళం, ఈ పాకీపని మనకెందుకండీ అన్నగారూ? ట్రైలర్ అద్దెకిచ్చినవాడి మొహాన నాలుగు డాలర్లు ఎక్కువ పారేస్తే వాడే చూసుకుంటాడు కదా!"

యోసెమిటీ లోయలో, అప్పర్ పైన్స్ విడిది దగ్గరి డంప్ స్టేషన్లో నేను చేతికి తొడుగులు వేసుకుంటూ ఉండగా నా మిత్రుడొకడు అన్న మాట ఇది. ఆనాడు నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదని తరువాత తోచింది. అప్పుడు ఇవ్వని జవాబే ఈ టపా.

తెలియనివారి కోసం రెండు మాటలు. ట్రావెల్ ట్రైలర్ అంటే బండి వెనుక తగిలించుకుని లాక్కుపోయే ఒంటిగది ఇల్లు. దాని కడుపులో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీటికి. రెండవది గ్రే ట్యాంకు, అంటే స్నానం నీళ్ళకూ గిన్నెలు కడిగిన నీళ్ళకూ. మూడవది బ్లాక్ ట్యాంకు, మరుగుదొడ్డి కిందిది. చిన్న ట్రైలర్లలో అది 20, 30 గాలన్లకు మించడం అరుదు. 30 గాలన్లంటే సుమారు 113 లీటర్లు. నిండితే బరువూ అన్ని కిలోలే. యోసెమిటీ విడుదులలో ట్రైలర్లకు మురుగు కనెక్షన్ లేదు. కనుక ఎవరి మలం వారే మోసుకు తిరగాలి, ఎవరిది వారే ఖాళీ చెయ్యాలి. ఇంతటి నిష్పాక్షికమైన ఏర్పాటు నేను మరొకటి చూడలేదు.

మనవాళ్ళు ఈ ఏర్పాటును ఎన్ని విధాల తప్పించుకోజూస్తారో చెబుతాను.

ట్యాంకు త్వరగా నిండిపోతుందని కొందరు మరుగుదొడ్డిలో నీళ్ళు పొదుపు చేస్తారు. నీళ్ళు చాలకపోతే మలం అడుగున గట్టిపడుతుంది. పొదుపు గిన్నెల దగ్గర చెయ్యండి, ఇక్కడ కాదు. ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగు మునిగేలా రెండు మూడు గాలన్ల నీళ్ళు ముందే పోసి ఉంచాలి.

మురుగు కనెక్షన్ ఉన్న విడుదులలో మరికొందరు బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచే వదిలేస్తారు. దానంతట అదే పోతుంది, మనం చూడనక్కరలేదు అని. పోయేది ద్రవం, ఘనం అక్కడే కుప్పపడి, ఎండి, గుట్ట కడుతుంది. మూడింట రెండు వంతులు నిండేవరకు వాల్వు మూసి ఉంచి, ఒక్కసారిగా తెరిస్తే ఆ వేగమే సమస్తాన్నీ ఈడ్చుకుపోతుంది. ముందు బ్లాక్, తరువాత గ్రే. సబ్బునీళ్ళు వెనుక వచ్చి గొట్టాన్ని కడుగుతాయి. ఈ వరుసలో ఉన్నది భౌతికశాస్త్రమే గాని మైల కాదు.

వాసనకు భయపడి ఫార్మాల్డిహైడ్ కలిసిన మందులు దిమ్మరించేవారు ఇంకొందరు. అది మన ట్యాంకులో వాసనను అణచేమాట నిజమే. విడిది వారి సెప్టిక్ ట్యాంకులో మురుగును జీర్ణం చేసే సూక్ష్మజీవులనూ చంపుతుంది. మన ముక్కు బాధ ఇంకొకరి నెత్తిన పడిందన్నమాట. "సబ్బునీళ్ళే కదా" అని చీకటి పడ్డాక గ్రే ట్యాంకును చెట్ల మొదళ్ళలో వదిలే ఘనులూ ఉన్నారు. జాతీయోద్యానాలలో అది నేరం.

ఇవి వేరువేరు తప్పులు కావు. నా కంటికి కనబడకపోతే చాలు, ఎటుపోతే నాకేమి అన్న ఒక్క బుద్ధికి ఇన్ని వేషాలు.

ఇక మిత్రుని మాట. డబ్బిచ్చి పని చేయించుకోవడం పాపమా అని అడుగుతాడేమో. కాదు. అద్దె సంస్థలో ఆ పని చేసే మనిషి కూడా నాలాగే బయట నిలబడి, తొడుగులు వేసుకుని, వాల్వు లాగుతాడు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే దారి మూడంగుళాల గొట్టం. అందులోకి మనిషి దిగలేడు, దింపాలన్న ఊహ కూడా ఎవరికీ రాదు. నా అభ్యంతరం నాలుగు డాలర్ల మీద కాదు, ఆ "పాకీపని" అన్న మాట మీద. వాసన ముక్కుకు తగలకముందే ఆ మాట నాలుక మీదికి వచ్చింది. పని ఎటువంటిదో అతనికి తెలియదు. ఎవరిదో మాత్రం పుట్టుకతోనే తెలుసు.

మా ఊరి ఇంట్లో సెప్టిక్ ట్యాంకు మూత మనిషి దిగేటంత వెడల్పు. నా చిన్నతనంలో దానిని ఖాళీ చేయడానికి ఇద్దరు వచ్చారు. మమ్మల్ని లోపలికి పంపి కిటికీలు మూశారు. వారి పేర్లు నాకు తెలియవు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ గుంతలో ఊపిరి తీసే విషవాయువులుంటాయని నేను పాఠ్యపుస్తకంలో చదువుకుని మార్కులు తెచ్చుకున్నాను. ఆ పాఠానికీ ఆ ఇద్దరికీ సంబంధముందని తట్టలేదు.

రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో దానిని 30 లక్షలకు పెంచింది. ఇన్ని తీర్పుల తరువాతా మనుషులు దిగుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. యంత్రాలు లేక కాదు. మూత వెడల్పుగా పెట్టించుకున్న మనస్సు మారక.

ఆనాడు అప్పర్ పైన్స్‌లో నా పని పావుగంటలో ముగిసింది. తొడుగులు పారవేసి, చేతులు కడుక్కుని, అందరికీ కాఫీ కలిపాను. మిత్రుడు తనకు వద్దన్నాడు.

నాతో విభేదించే మిత్రులు నిరభ్యంతరంగా వాదించవచ్చు. ముందు ఒక్కసారి ఆ వాల్వు లాగి రండి.

తా.క.: మురుగు గొట్టం కడిగే పైపును మంచినీళ్ళు పట్టడానికి ఎన్నడూ వాడకండి. రెంటినీ వేరువేరు పెట్టెలలో ఉంచండి. ఇది మైల కాదు, ఆరోగ్యం. తేడా తెలియాలనే ఇంత వ్రాశాను.