ఇన్వర్టరు బ్యాటరీలో మన నిల్వ ఎంత?

ఇన్వర్టరు బ్యాటరీ మీద '150 ఏహెచ్' అని రాసి ఉంటుంది. "రాత్రంతా వస్తుందండీ" అంటాడు దుకాణదారు. ఆ మాట ఎంతవరకు నిజమో మన ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలే లెక్కకట్టి చెప్పగలరు.

సూత్రం చిన్నదే. కరెంటును కాలంతో గుణిస్తే విద్యుదావేశం వస్తుంది. ఇది కోపంలో వచ్చే ఆవేశం కాదు లెండి! ఒక ఆంపియరు కరెంటు ఒక సెకను పారితే ఒక కూలుంబు ఆవేశం. ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ (1736-1806) పేరు మీద వచ్చిన కొలత ఇది. తమిళ మాధ్యమంలో చదివే మన పిల్లలు కరెంటును 'మిన్నోట్టం' అనీ, ఆవేశాన్ని 'మిన్నూట్టం' అనీ నేర్చుకుంటారు. ఒక్క అచ్చు తేడా. తెలుగు మాట కూడా తెలిస్తే తికమక ఉండదు.

బ్యాంకువాళ్లకు ఈ గుణకారం కొత్త కాదు. పొదుపు ఖాతా వడ్డీకి నిల్వను రోజులతో గుణించి 'ప్రొడక్టు' కడతాం. వెయ్యి రూపాయలు పది రోజులున్నా, పదివేలు ఒక్కరోజున్నా ప్రొడక్టు ఒకటే. అలాగే 10 ఆంపియర్లు ఒక గంట పారినా, ఒక ఆంపియరు 10 గంటలు పారినా ఆవేశం ఒకటే. 'ఏహెచ్' అంటే ఆంపియర్-గంట. గంటకు 3,600 సెకన్లు గనుక 150 ఏహెచ్ అంటే 5,40,000 కూలుంబులు. అదీ మన డిపాజిట్టు.

ఇక విత్‌డ్రాయల్ చూద్దాం. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 10 వాట్ల బల్బులు మూడు, మొత్తం 180 వాట్లు. ఇన్వర్టరు తన వంతుగా కొంత తింటుంది కాబట్టి 216 వాట్లనుకుందాం. బ్యాటరీ 12 వోల్టులది. 216ని 12తో భాగిస్తే 18 ఆంపియర్లు. 150ని 18తో భాగిస్తే 8 గంటల 20 నిమిషాలు.

అయితే ఖాతాను సున్నాకు తేకూడదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే సీసపు బ్యాటరీని ప్రతిసారీ అడుగంటా వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. పైగా బ్యాటరీ మీది అంకె నిదానంగా వాడినప్పటిది; వేగంగా లాగితే అంత రాదు. అందుకని సగమే మనదనుకోండి. అంటే సుమారు నాలుగు గంటలు.

పెద్ద బ్యాటరీ కొనేముందు ఖర్చు తగ్గించి చూడండి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 18 ఆంపియర్లు 9 అవుతాయి. అదే సగం నిల్వ ఎనిమిది గంటలు దాటి వస్తుంది.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటరు వాడే పెద్దలుంటే ఈ లెక్క తప్పక వేయాలి. సుమారు 300 వాట్ల యంత్రమైతే, ఇన్వర్టరు వాటాతో కలిపి బ్యాటరీ నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది. సగం నిల్వ రెండున్నర గంటల్లో అయిపోతుంది. వేగంగా లాగుతున్నాం గనుక ఇంకా ముందే కావచ్చు. అలాంటి ఇంట్లో నిండు సిలిండరు ఒకటి సిద్ధంగా ఉండాలి. దుకాణదారు మాట మీద భారం వేయరాదు.

ఒక జాగ్రత్త. గోడ ప్లగ్గులో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అక్కడ ఆవేశం పోగుపడదు. మీటరు లెక్కించేది యూనిట్లను. నిల్వ లెక్క బ్యాటరీకే.

పిల్లలకు ఈసారి లెక్క: 5,000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీలో ఎన్ని కూలుంబులు? వెయ్యి ఎంఏహెచ్ ఒక ఏహెచ్ అని గుర్తుంచుకోండి. చేశాక సరిచూసుకోండి: 18,000.