పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమా?

"పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం" అన్న సామెతను తెలుగువారు ఎదుటివారి తెలివితక్కువతనాన్ని ఎత్తిపొడవడానికే వాడుతారు గాని, అసలు పిడుగు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒకే మంత్రాన్ని తరతరాలుగా జపిస్తున్నది తామేనని ఒప్పుకోరు. ఉరిమితే "అర్జునా, ఫల్గుణా", చెట్టు మాడితే కలికాలం, మనిషి పోతే ఏ జన్మ పాపమో. ఇప్పుడు ఈ జపమాలలో కొత్త పూస చేరింది. "జేబులో సెల్లుంటే సాలప్పా, పిడుగు ఎతుక్కుంటా వస్తాది" అని వజ్రాల వేటకు పేరుపడ్డ జొన్నగిరి ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దమనిషి తేల్చిపారేస్తే, పక్కనున్న నలుగురూ తలలూపుతారు.

పిడుగు వెతుక్కుంటూ రావడం నిజమే గాని, అది వెతికేది సెల్లును కాదు. మేఘంలో మంచు పలుకులు, మెత్తని మంచు గుళ్లు ఒకదానితో ఒకటి రాసుకోగా మేఘం అడుగున రుణావేశం, అంటే ఒక జాతి విద్యుత్తు, పోగుపడుతుంది; అది సుమారు 50 మీటర్ల చొప్పున మెట్లుమెట్లుగా దిగివచ్చి నేలను సమీపించేసరికి, ఎత్తుగా ఒంటరిగా ఉన్న వస్తువుల కొసల నుంచి విద్యుత్తు పైకి లేచి దానికి ఎదురువెళ్తుంది. ముందుగా ఏది అందుకుంటే పిడుగు దాని మీదే. ఒకసారి పడ్డచోట మళ్లీ పడదనే మాటా వట్టిదే. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఏటా ఇరవై సార్లకు పైగానే పడుతుంది. ఇక పాపం లెక్కే ఖాయమైతే, ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ నడుమ నేలలో పారే విద్యుత్తుకు మందలు మందలుగా చచ్చే గొర్రెలు ఏ పాపం మూటగట్టుకున్నాయో కూడా ఆ పెద్దమనిషే సెలవివ్వాలి.

జొన్నగిరిలో తొలకరి పైమట్టిని కడిగి రాళ్లను తేలుస్తుంది కనుక, అనంతపురం నుంచీ బళ్లారి వైపు నుంచీ జనం వజ్రాల కోసం చేలల్లో వాలుతారు. ఉరుముల కాలమూ అదే. చదునైన చేలో అన్నిటికన్నా ఎత్తయినది మనిషే. వేపచెట్టు కిందికి పరుగెత్తితే మరీ ప్రమాదం, చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న ఒంటిలోకి దూకుతుంది.

ఇక్కడితో ఎగతాళి చాలు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. 2022లో దేశంలో పిడుగుపాటుకు పోయినవారు 2,887 మంది. ముందస్తు హెచ్చరిక వచ్చేది సెల్లుకే. దానిని ఆపించి, ఇంట్లో పెట్టించి, మనిషిని మాత్రం చేలోకి పంపే సలహా అమాయకత్వం కాదు, ప్రాణం తీసే మూర్ఖత్వం. హెచ్చరిక పంపేవారి మంత్రమూ ఒక్కటే: "పక్కా భవనంలోకి వెళ్లండి." మేడ మీద ఉన్నవాడికీ చేలో రాళ్లు ఏరుకునేవాడికీ అదే మాట. వజ్రం దొరికిందన్న కబురుకు బేరగాళ్లు రెక్కలు కట్టుకుని వాలే ఆ చేలల్లో, మబ్బు పట్టినప్పుడు తలదాచుకోవడానికి మిగిలేది ఒక టార్పాలిన్ పట్టా, దాన్ని నిలబెట్టిన కర్ర.