న్యూటన్‌ని ఓడించే వీరులు మనువు జోలికి పోరెందుకు?

2003లో ‘పలనాటి బ్రహ్మనాయుడు’ అని ఒక సినిమా వచ్చింది. బి. గోపాల్ తీశాడు. నందమూరి బాలకృష్ణ హీరో. అందులో హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోతుంది. అప్పట్లో సినిమా ఆడలేదు. కానీ ఇరవై ఏళ్ళు దాటినా ఆ రైలు ముక్క చావలేదు. సెల్‌ఫోన్లలో తిరుగుతూనే ఉంది. తెలుగు ముక్క రానివాళ్ళు కూడా చూసి పడీ పడీ నవ్వుతున్నారు. ఎంత చెత్తగా ఉంటే అంత మజాగా ఉందంటూ ఇలాంటి ఫైటింగు సినిమాలను ఏరుకుని మరీ చూసేవాళ్ళు ఇవాళ పెద్ద గుంపే తయారయ్యారు.

నవ్వొద్దని నేననడం లేదు. నేనూ నవ్వాను. రైలు వెనక్కి పోతే ఎవడికి నవ్వు రాదు? ఆ నవ్వు ఎవరి మీద పడుతోంది అన్నదే మన ప్రశ్న.

చదువుకున్న బాబుల నవ్వు హీరో మీద పడి ఆగదు. ‘ఇలాంటివి చూసి ఈలలేసే జనం ఎంత వెర్రిబాగులోళ్ళో’ అని అది నేల టికెట్టువాడి మీద పడుతుంది. అబద్ధం! రైలు ఎట్లా నడుస్తుందో, జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి హైదరాబాదు పోయే కూలీకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దంతా ‘అయ్యా, దొరా’ అని వంగి వంగి బతికేవాడు, సాయంత్రానికి ఎవరికీ వంగని ఒళ్ళొకటి తెర మీద చూసి రెండున్నర గంటలు దాన్ని అప్పు తెచ్చుకుంటాడు. అది తెలివితక్కువతనం కాదు, ఆకలి.

అయితే అప్పన్నాక వడ్డీ ఉంటుంది. ఆ ఒంటికో కులం ఉంది. 1999లో ‘సమరసింహారెడ్డి’. 2001లో ‘నరసింహనాయుడు’. 2002లో ‘చెన్నకేశవరెడ్డి’. అదే ఏడు వచ్చిన ‘ఇంద్ర’లో హీరో ఇంద్రసేనారెడ్డి. పేరులోనే పట్టా ఉంది! ‘నరసింహనాయుడు’లో ఊరిని కాపాడటానికి ఇంటికొక మగబిడ్డను ఇమ్మంటాడు పెద్దాయన. కత్తి పట్టేది ఊరి బిడ్డలు, సినిమాకి పేరు నాయుడిది. మన పిల్లలు ఆ పోస్టర్లు అంటించి, కటౌట్లకు పాలు పోసి, వడ్డీతో సహా అప్పు తీరుస్తున్నారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఈ సినిమాల్లో న్యూటన్ సూత్రం రోజుకు పదిసార్లు చస్తుంది. ఒక్క గుద్దుకు పదిమంది గాల్లోకి లేస్తారు. సుమోలు బంతుల్లా ఎగురుతాయి. కానీ మనువు సూత్రం? దాని వెంట్రుక కూడా కదలదు. దొర దొరగానే ఉంటాడు. పాలేరు దొర కోసం చావడానికే ఉంటాడు. తొడ కొడితే రైలు వెనక్కి పోవడం సాధ్యమట, అదే తొడ మాదిగోడు కొట్టడం మాత్రం అసాధ్యమట! 2020లో వచ్చిన ‘పలాస 1978’ లాంటి ఒకటీ అరా సినిమాల్లో దళితుడు హీరో అయ్యాడు, సంతోషమే. కానీ అక్కడ రైళ్ళు వెనక్కి పోవు. అక్కడ అన్నీ నిజంగా జరిగినట్టే ఉండాలి, మన ఒంటికి తగిలిన దెబ్బ నెత్తురు కారాలి. అసాధ్యాన్ని కూడా అగ్రకులాలే రిజర్వు చేసుకున్నాయన్నమాట. ఈ రిజర్వేషన్ మీద ఎవడూ కోర్టుకు పోడేం?

ఇంతకీ ఆ సినిమాకి పెట్టుకున్న పేరు ఎవరిది? పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు. మాల కన్నమదాసును సేనానిని చేశాడు. ఆయనా దొరే, మనవాడని నెత్తినెత్తుకోనక్కర్లేదు. కానీ ఆ కథను తరతరాలుగా గొంతులో దాచి పాడింది మాల వీరవిద్యావంతులు. మనవాళ్ళు కాపాడిన కథలోంచి సినిమావాళ్ళు పేరు పట్టుకుపోయారు. చాపకూడు వదిలేశారు, కన్నమదాసును వదిలేశారు. తొడ మిగిలింది.

సినిమా హాలంటే మనకు వినోదం ఒక్కటే కాదు. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. అంతే. అక్కడ మొదలైన గొడవ మాలపల్లెను వెలివేసేదాకా పోయింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తెర మీద ఒకడు తొడ కొడితే వీరుడు. తెర కింద ఒకడి కాలు తగిలితే ఎనిమిది శవాలు. రైలు వెనక్కి పోతే దేశమంతా నవ్వింది. న్యాయం వెనక్కి పోతే ఎంతమంది నోరు విప్పారు?

బాబులు చూసి నవ్వేది ఫిజిక్సు తప్పును. కులం తప్పు వాళ్ళ కంటికి ఆనదు. పైగా ఆ నవ్వుతో దొరకు పోయేదేమీ లేదు. ‘మన బాలయ్య భలే తమాషా’ అని ముద్దొచ్చేస్తాడు. కొరడా పట్టినవాడు ముద్దొస్తే ఇంకేముంది, కొరడా కనిపించదు.

నవ్వడం మనకు ఇంకొకడు నేర్పక్కర్లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు దూరి రాజుల గొప్పలను గాలి తీసినట్టు తీసేవాడు. చూసే జనాన్ని వెక్కిరించలేదు, మీసం మెలేసిన రాజునే వెక్కిరించాడు. మనకు కావాల్సింది ఆ నవ్వు. అందుకే తమ్ముళ్ళారా, ఈసారి ఆ రైలు ముక్క ఎవరైనా చూపిస్తే హాయిగా నవ్వండి. నవ్వి, ఒక్క మాట అడగండి: ‘రైల్ని వెనక్కి పంపావు సరే దొరా, మా భూమిని వెనక్కి పంపు చూద్దాం!’

తొడ వాడొక్కడికే లేదు. మనకూ ఉంది. కానీ మనం కొట్టాల్సింది తొడ కాదు, డప్పు.

జై భీమ్!