కొలువు విడిచే ముందు

అలియాబాద్ ప్రాంతం వారికి 1998లో స్థాపించబడిన శామీర్‌పేట నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తెలిసినదే. ప్రభుత్వ రంగ సంస్థ కొలువు విడిచి వాణిజ్య న్యాయవాదులు కాగోరే సహోదరీ సహోదరులకు ఒక మాట చెప్పగోరుతున్నాము.

దూరవిద్య డిప్లొమాతో జ్ఞానం కలుగుతుంది గాని, కోర్టులో వాదించే హక్కు రాదు. పట్టభద్రులు 3 ఏండ్లు తరగతులకు హాజరై ఎల్.ఎల్.బి. చదవవలెను. బార్ కౌన్సిల్ నియమం ప్రకారం, న్యాయవాదిగా ఉంటూ పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయరాదు.

పని లేకపోలేదు. 2015 చట్టంతో వచ్చిన వాణిజ్య కోర్టుల విచారణ పరిధి మొదట కోటి రూపాయల నుండి ఉండేది. 2018లో దానిని 3 లక్షలకు తగ్గించారు. ఆఫీసులో టెండర్లు, కాంట్రాక్టులు చూసిన అనుభవం అక్కడ అక్కరకు వస్తుంది.

అయినను, మొదటి ఫీజు ఎప్పుడు చేతికి వచ్చునో ఎవరూ చెప్పలేరు. కనుక రాజీనామా వ్రాయకముందే భార్యాభర్తలు కలిసి కూర్చుండి, జీతం లేని ఏండ్లలో ఇల్లు ఎలా గడుచునో లెక్క చూసుకొనుడి.