ఆ ఇనుప ముక్క ఎవరిదని అడిగే నాథుడే లేడా?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లకు నడిరోడ్డున పడి ఉన్న ఇనుప ముక్క కొత్తేమీ కాదు. కారువాళ్లు తప్పించుకుని పోతారు, బస్సులు దాని మీదుగానే వెళ్తాయి. ఎవరో ఒకరు కాలితో మార్జిన్‌లోకి నెడతారు, ఇంకొకరు పాత ఇనుము కొట్టుకు వేస్తారు. ఇది ఏ బండిది, ఆ బండి ఇప్పుడు ఎక్కడుంది, అందులో ఎంతమంది ఉన్నారు అని మాత్రం ఎవరూ అడగరు. నాకు కోపం తెప్పించేది ఈ మౌనమే.

ఆ ముక్కను గుర్తుపట్టడం బ్రహ్మవిద్య కాదు. వంపు తిరిగి, మధ్యలో బోల్టు బెజ్జమున్న మందపాటి ఉక్కు పట్టీ అయితే అది లారీ కమాన్ కట్టలోని ప్లేటు. పెద్ద ప్లేటు విరిగితే ఇరుసు జరిగి, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి ఇంకోవైపు లాగొచ్చు. రివెట్ల బెజ్జాలతో, ఒకవైపు నున్నగా అరిగిన వంకర దిమ్మ అయితే అది బ్రేక్ లైనింగ్. చక్రం నట్టు ఒకటి ఊడితే దాని భారమంతా మిగతా నట్ల మీద పడుతుంది. మదనపల్లెలో ఏ లారీ షెడ్డుకు తీసుకెళ్లినా మేస్త్రీ చేతిలోకి తీసుకోగానే చెప్పేస్తాడు. చాలా భాగాల మీద కంపెనీ గుర్తు, నంబరు కూడా అచ్చు వేసి ఉంటాయి. చెప్పగలిగేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. లేనిదల్లా అడిగేవాళ్లే.

ఈ దారిలో టమాటా లారీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. కుప్పం వైపు టన్నుల కొద్దీ బరువుండే గ్రానైట్ దిమ్మెలు కదులుతాయి. అంత బరువు మోసే బండి నుంచి ముక్క రాలిందంటే, ఆ బండి కుంటుతూ ముందుకు పోతోందని అర్థం. వెనక చీకట్లో వచ్చే మోటారు సైకిలుకు ఆ ముక్కే మృత్యువు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్లే.

ఇనుప ముక్క ఎక్కి ఒక కుర్రాడు పడిపోతే మర్నాడు పేపర్లో వచ్చేది ఒక్కటే: బైకు అదుపుతప్పి యువకుడి మృతి. తప్పంతా చనిపోయినవాడి మీదికే పోతుంది. గుర్తు తెలియని వాహనం వల్ల జరిగిందని పోలీసులు రాస్తే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద కుటుంబానికి 2 లక్షల రూపాయలు రావొచ్చు. ఏ వాహనమో తేలితే అతని వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లను లెక్కగట్టి ట్రిబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది. అదుపుతప్పాడని రాస్తే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. తగినంత ప్రయత్నం చేసినా వాహనం ఆచూకీ దొరకనప్పుడే గుర్తు తెలియని వాహనం అనాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ముక్కను కాలితో తన్నేసి పోవడమా ఆ ప్రయత్నం?

లోపమున్న బండిని రోడ్డెక్కిస్తే అదే చట్టంలోని 190వ సెక్షన్ కింద వేసే జరిమానా 1,500 రూపాయల దాకా ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలి. పరీక్ష గట్టిగా జరిగితే విరగబోయే ప్లేటు, అరిగిపోయిన లైనింగ్ అక్కడే బయటపడాలి కదా! రోడ్డు మీద రాలిన ప్రతి ముక్కా ఆ పరీక్షను నిలదీస్తున్న ప్రశ్న.

రాలిన ముక్క ఎవరిదో ఎలా వెతకాలో చూడండి. 2000 జూలై 25న పారిస్ దగ్గర కాంకార్డ్ విమానం కూలి 113 మంది మరణించారు. కొద్ది నిమిషాల ముందు ఎగిరిన వేరే విమానం నుంచి రన్‌వే మీద రాలిన లోహపు పట్టీ కాంకార్డ్ టైరును కోసింది. ఆ పట్టీ పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. దర్యాప్తువాళ్లు దాన్ని భద్రపరిచి, అమెరికా దాకా వెళ్లి, ఏ విమానంలో ఏ చోటి నుంచి ఊడిందో తేల్చారు. విమానంలో పోయినవాళ్ల ప్రాణం ఒక విలువ, పుంగనూరు రోడ్డులో పోయినవాడి ప్రాణం ఇంకో విలువా?

పోలీసులూ, ప్రమాద స్థలంలో దొరికిన ప్రతి ముక్కనూ ఫొటో తీసి పంచనామాలో రాయండి, మెకానిక్‌కు చూపించండి. రవాణా శాఖ అధికారులారా, చెక్‌పోస్టులో కాగితాలతో పాటు బండి కిందికి వంగి కమాన్ కట్టలు, బ్రేకులు చూడండి. లారీ యజమానులారా, ప్లేటు ఖర్చుకు వెనకాడి ఒక ఇంటి దీపం ఆర్పకండి. రోడ్డున పోయే మనం మనకు తగల్లేదు కదా అని సాగిపోవద్దు. బండి పక్కకు ఆపి, 1033కో 112కో ఫోను చేసి, కిలోమీటరు రాయి నంబరు చెబుదాం. ఆ మాత్రం కూడా చేయకపోతే, ఆ ముక్క మీద పడి పోయే ప్రాణంలో మన పాపమూ ఉంటుంది.