చిప్పర్ లాగట్లేదా? ముందు బ్లేడు చూడండి

సారపాక పేపర్ మిల్లు పుణ్యమా అని ఖమ్మం, భద్రాచలం వైపు జామాయిల్, సుబాబుల్ తోటలకి కొదవ లేదు. దుంగలు మిల్లుకి వెళ్ళాక మిగిలే కొమ్మల కోసం సెకండ్ హ్యాండ్ చిప్పర్ కొనే ఐటీ రైతులకి ఒక మాట. మిషను లాగకపోతే ఇంజను మీద పడకండి. ముక్కలకి బదులు పీచూ, పొడీ వస్తుంటే బ్లేడు మొద్దుబారినట్టే (నేల మీద ఈడ్చిన కొమ్మలకి అంటిన ఇసక చాలు). సాన పట్టేటప్పుడు అన్ని బ్లేడులూ సమానంగా అరగాలి, లేకపోతే రోటర్ అదిరి బేరింగులు పోతాయి. అంచు నీలంగా మారిందా, స్టీలు టెంపర్ పోయినట్టే.

ఇదంతా సరే, నా గోల వేరు. ఇంజను ఆపినా రోటర్ వెంటనే ఆగదు. అది తిరుగుతుండగానే మూత తియ్యమని కూలీని తొందరపెట్టడమేంటండీ? ప్రొడక్షన్ సర్వర్ ముట్టుకోడానికి మాత్రం మనకి పది అప్రూవల్స్ కావాలి!