జులై ఒకటిన పుట్టినవాళ్లు

పిల్లల పుట్టినరోజులు హక్కుల పత్రికలో రాయదగిన విషయమా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. 2024 జులైలో మా చెల్లెలి కుటుంబంతో మూడు వారాలు ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో క్యారవాన్‌లో తిరిగి వచ్చాక మాత్రం ఈ విషయం నన్ను వదలడం లేదు.

మా చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ జూన్ చివర్లో చలికాలపు సెలవులు ఇస్తారు. ఎండాకాలంలో మధ్య ఆస్ట్రేలియాకి వెళ్లడం కష్టం కాబట్టి చాలా కుటుంబాలు ఈ సెలవుల్లోనే కారు వెనక క్యారవాన్ తగిలించుకుని బయలుదేరతాయి. చెల్లెలి పిల్లలిద్దరూ జులైలోనే పుట్టారు. చిన్నవాడికి ఆరేళ్లు నిండే రోజు కూబర్ పెడీలో, పెద్దదానికి పదేళ్లు నిండే రోజు ఆలిస్ స్ప్రింగ్స్‌లో వచ్చేట్టుగా మా మరిది దారి గీశాడు. రోజుకెన్ని కిలోమీటర్లు, పెట్రోలు ఎక్కడ, రాత్రికి ఎక్కడ ఆగాలి, అన్నీ కంప్యూటర్లో పట్టిక వేశాడు. చూడముచ్చటైన పట్టిక.

మరో జాబితా ఫ్రిజ్ తలుపు మీద ఉండేది. అది చెల్లెలి చేతిరాత. కొవ్వొత్తులు, బెలూన్లు, ఇద్దరికీ కానుకలు (ఒకళ్లది ఇంకొకళ్లకి కనపడకుండా ఎక్కడ దాచాలో కూడా), కొత్తబట్టలు, కుంకుమ, అక్షింతలకి బియ్యం, సేమియా, కుక్కరు, చిన్నవాడి దగ్గు మందు, అమ్మకి వీడియో ఫోను చెయ్యడానికి ఏ ఊళ్లో సిగ్నల్ ఉంటుంది... ఇలా రెండు పేజీలు. మరిది పట్టిక ప్రయాణానికి ముందే పూర్తయింది. చెల్లెలి జాబితా మూడు వారాలూ సాగుతూనే ఉంది.

మరిది మంచివాడు. ఈ మాట ముందే చెప్పకపోతే చెల్లెలు నాతో మాట్లాడదు. "వదినగారూ, ఇక్కడ పనిమనుషులుండరు, మేం అన్నీ సగం సగం చేసుకుంటాం" అన్నాడు మొదటిరోజే. అబద్ధం కాదు. కారు నడుపుతాడు, నీళ్ల గొట్టం బిగిస్తాడు, కరెంటు తీగ తగిలిస్తాడు. సాయంత్రం బార్బెక్యూ దగ్గర నిలబడి మొక్కజొన్న కండెలు కాలుస్తాడు. ఈ పనులన్నిటికీ ఒక మొదలూ ఒక చివరా ఉన్నాయి, చూసే జనం ఉన్నారు. క్యారవాన్ పార్కుల్లో సాయంత్రాలు నేను గమనించిందేమిటంటే, బార్బెక్యూ ముందు నిలబడే మగవాళ్లని తెల్లవాళ్లలోనూ మనవాళ్లలోనూ అందరూ మెచ్చుకుంటారు. ఆ పక్కనే ఉల్లిపాయలు తరిగి, పళ్లేలు పరిచి, తిన్నాక గిన్నెలు తోమే ఆడవాళ్లని మెచ్చుకునేవాళ్లు లేరు. క్యారవాన్‌ని వెనక్కి నడిపేటప్పుడు భార్య వెనక నిలబడి చేతులూపుతూ దారి చూపాలి. తగిలితే తప్పు ఆమెది, తగలకపోతే ఆయన చాకచక్యం! దీనిమీద అక్కడ బోలెడు జోకులున్నాయట.

ఇంటి చాకిరీ గురించి స్త్రీవాదులు చాలా రాశారు. వండటం, తోమటం, ఉతకటం లెక్కకి వచ్చాయి. గుర్తుపెట్టుకోవడం అనే పని మాత్రం ఇప్పటికీ లెక్కకి రావడంలేదు. పుట్టినరోజు ఆ పనికి పరాకాష్ఠ. తేదీ గుర్తుంచుకోవాలి, పిల్లవాడు ఆర్నెల్ల కింద ఏది కావాలన్నాడో గుర్తుంచుకోవాలి, తాతమ్మకి ఫోను చేయించాలి, ఆ రోజంతా నవ్వుతూ ఉండాలి. ఆస్ట్రేలియా తల్లులకు దీనికొక పాఠ్యపుస్తకం కూడా ఉంది. 1980లో 'ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ' వేసిన పిల్లల పుట్టినరోజు కేకుల పుస్తకం. అట్టమీద రైలుబండి కేకు, లోపల ఆకుపచ్చ జెల్లీతో ఈతకొలను కేకు. రెండు తరాల పిల్లలు ఆ పుస్తకంలో వేలుపెట్టి "నాకిది" అన్నారు, రెండు తరాల తల్లులు అర్ధరాత్రి దాకా క్రీము అద్దారు. చెల్లెలు కూడా పాత పుస్తకాల షాపులో ఒక ప్రతి కొనుక్కుంది. చిన్నవాడు రైలు కావాలన్నాడు.

కూబర్ పెడీ ఒపల్ రాళ్ల ఊరు. 1915లో అక్కడ ఒపల్ దొరికింది. వేడి భరించలేక జనం గనుల్లాగే తొలుచుకున్న ఇళ్లలో నేలకింద ఉంటారు. ఊరి చుట్టూ వేల గోతులు, వెనక్కి నడవొద్దని హెచ్చరిక బోర్డులు. అలాంటి చోట, ఓవెన్ లేని క్యారవాన్‌లో రైలు కేకు చెయ్యాలి. చెల్లెలు గుంటూరు నుంచి తెచ్చుకున్న కుక్కరు తీసింది. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? అమ్మ కుక్కరు అడుగున ఇసక పోసి, విజిలూ రబ్బరూ తీసేసి, గిన్నెలో పిండి పెట్టి కేకు చేసేది. ఇక్కడ ఇసకకి బదులు ఉప్పు పోశాం. మూడు విడతలుగా మూడు పెట్టెల కేకు చేసి, బిస్కెట్లు చక్రాలుగా అతికించాం. రాత్రి పదకొండైంది. బయట చలి ఎముకలు కొరుకుతోంది. మరిది, పిల్లలు నిద్రపోతున్నారు. "ఇది సెలవు కదే" అన్నాను. "వాళ్లకి సెలవు అక్కా. నాకు వంటిల్లు మారింది, అంతే" అంది. విసుగ్గా కాదు, మామూలుగానే అంది.

మర్నాడు పక్క క్యారవాన్ పిల్లలు కూడా వచ్చారు. రొట్టె ముక్కలకి వెన్న రాసి రంగు పంచదార గుళికలు చల్లిన ఫెయిరీ బ్రెడ్ వాళ్లమ్మ తెచ్చింది. మేం సేమియా పాయసం పంచాం. చిన్నవాడి సంతోషం చూశాక చెల్లెలి శ్రమ గురించి మాట్లాడటం కూడా పాపమేమో అనిపించింది. ఈ వ్యవస్థ నడిచేది ఇలాగే. శ్రమని ప్రేమ అని పిలిచాక లెక్కలడిగినవాళ్లు దుర్మార్గులవుతారు.

ఆ రాత్రి పెద్దది అడిగింది: "పెద్దమ్మా, నీ బర్త్‌డే ఎప్పుడు?"

"మొన్ననే అయిపోయింది. జులై ఒకటి. మనం పోర్ట్ అగస్టాలో ఉన్నప్పుడు."

"మరి మాకు చెప్పలేదేం?"

ఎందుకంటే అది నా పుట్టినరోజు కాదు. నన్ను బడిలో వేసినప్పుడు నాన్న హెడ్మాస్టరుగారికి తేదీ చెప్పలేకపోయాడు. కుడి చెయ్యి తలమీదుగా తీసుకెళ్లి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందింది. అయిదేళ్లు నిండినట్టే అని, జులై ఒకటి అని రాసేశారు. మా తరగతిలో జులై ఒకటిన పుట్టినవాళ్లు ఇంకా చాలామందిమి. అమ్మని అడిగితే, ఆవు ఈనిన రెండో నాడు, వరి కోతలప్పుడు, తెల్లవారుజామున అని చెబుతుంది. ఆమెకి వాన ఎటు నుంచి కొట్టిందో కూడా గుర్తుంది. ఆ జ్ఞాపకాన్ని రాసుకోవడానికి రిజిస్టరులో గడి లేదు. నా పాస్‌పోర్టు, నా డాక్టరేటు, రేపు రాబోయే నా పింఛను అన్నీ ఒక హెడ్మాస్టరుగారి అంచనా మీద నిలబడి ఉన్నాయి.

నాకు దీనివల్ల పెద్ద నష్టం జరగలేదు. జరిగిన ఆడపిల్లలు నాకు తెలుసు. బాల్యవివాహాల మీద పనిచేసినప్పుడు నేను మళ్లీ మళ్లీ చూసిన ఘట్టం ఒకటే. అమ్మాయికి పద్దెనిమిది నిండలేదని మనం అంటాం, నిండాయని తండ్రి అంటాడు. 2006 నాటి చట్టం ఎంత గట్టిదైనా ఆ క్షణంలో అంతా ఒక కాగితం మీద ఆధారపడుతుంది. బాలల న్యాయచట్టం కింద వయసు తేల్చడానికి ముందు బడి సర్టిఫికెట్టో పదో తరగతి మార్కుల పత్రమో చూస్తారు, అవి లేకపోతే మునిసిపాలిటీ, పంచాయితీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. బడి మొహం చూడని పిల్ల, ఇంట్లో పుట్టిన పిల్ల నేరుగా ఎముకల పరీక్షకి వెళుతుంది. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. 2023లో దాన్ని సవరించి, ఆ ఏడు అక్టోబరు 1 తరవాత పుట్టినవాళ్లకి బడిలో చేరడానికి, ఓటుకి, డ్రైవింగ్ లైసెన్సుకి, పెళ్లి నమోదుకి, ప్రభుత్వోద్యోగానికి జనన పత్రమే రుజువు అన్నారు. మంచిదే. కాని రుజువు తప్పనిసరి చేసినంత తేలికగా రుజువు ప్రతి గూడేనికీ చేర్చడం జరగదు. ఆ పత్రం లేని పిల్ల తలుపులన్నీ ఒకేసారి మూసుకుంటాయి. పుట్టిన వెంటనే నమోదయ్యే హక్కు బాలల హక్కుల ఒడంబడిక ఏడో అధికరణంలో ఉంది. దయాదానం కాదది.

ఉలూరు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఆ కొండని దాని అసలు హక్కుదారులైన అనంగు ప్రజలకి 1985లో తిరిగి ఇచ్చారు. ఎక్కొద్దని వాళ్లు ఎన్నేళ్లుగానో అడిగితే 2019 అక్టోబరులో గాని ఎక్కడం ఆపలేదు.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో పెద్దదాని పుట్టినరోజు ఊరి బయట పాత టెలిగ్రాఫ్ స్టేషన్ దగ్గర చేద్దామని మరిది అన్నాడు. 1872 నాటి రాతి కట్టడాలు, పచ్చిక, యూకలిప్టస్ చెట్ల నీడ. కుటుంబాలు భోజనాలు తెచ్చుకునే చోటు. చెల్లెలు బెలూన్లు కట్టింది. నేను పిల్లదానితో కట్టడాలు చూడబోయి అక్కడి బోర్డులు చదివాను.

1932 నుంచి 1942 దాకా అది 'బంగళా' అనే పిల్లల వసతి గృహం. ఆదివాసీ తల్లులకి తెల్ల తండ్రుల వల్ల పుట్టిన పిల్లల్ని తెచ్చి అక్కడ ఉంచేవారు. 1918 నాటి ఆ ప్రాంతపు చట్టం ప్రకారం ఆదివాసీ బిడ్డలందరికీ చట్టబద్ధమైన సంరక్షకుడు ప్రభుత్వాధికారే, తల్లి బతికున్నా సరే. దేశమంతటా 1910 నుంచి 1970 దాకా ఆదివాసీ పిల్లల్లో పది మందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఇలా బలవంతంగా తీసుకుపోయి ఉంటారని 1997 నాటి జాతీయ విచారణ నివేదిక తేల్చింది. ఆ ఏడే ఆ దేశపు హైకోర్టు, అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, 1918 చట్టం చెల్లుతుందంది. క్షమాపణ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో చెప్పారు.

అలా తీసుకుపోయిన పిల్లల్లో ఎందరికో పేరు మార్చారు, తేదీ తెలియకపోతే ఏదో ఒకటి వేశారు. ఆదివాసీ పెద్దల్లో చాలామందికి రికార్డుల్లో ఉన్న పుట్టినరోజు జులై 1. మరి కొందరికి జనవరి 1. ఈ సంగతి నాకు మునుపే పుస్తకాల్లో తెలుసు. ఆ పచ్చికలో, మా పిల్ల నెత్తిన కాగితపు కిరీటంతో నా పక్కన నిలబడి ఉండగా మళ్లీ తెలిసింది.

నాదీ వాళ్లదీ ఒకే అన్యాయం అనడం లేదు. మా హెడ్మాస్టరుగారు నన్ను బడిలో చేర్చుకోవడానికి తేదీ వేశారు, అక్కడ తల్లి నుంచి విడదీసి తేదీ వేశారు. రెండింట్లోనూ పోయింది మాత్రం తల్లి చెప్పే కథ. నా కథ చెప్పడానికి మా అమ్మ నాకు మిగిలింది. ఆ పిల్లలకి తల్లులే మిగల్లేదు.

ఇవాళ్టికీ మారుమూల ఆదివాసీ పల్లెల్లో గర్భిణుల్ని నెలలు నిండేముందే కొన్ని వారాలపాటు దూరపు పట్నాలకి పంపుతారు, ఆసుపత్రి అక్కడే ఉంటుంది కాబట్టి. మనకి తొలికాన్పు పుట్టింట్లో. అందులో భారమూ ఉంది, పితృస్వామ్యపు లెక్కలూ ఉన్నాయి. అయినా పురిటిమంచం పక్కన అమ్మ ఉంటుంది. అక్కడ తన నేల మీద, తనవాళ్ల మధ్య కనే హక్కు కోసం ఆదివాసీ స్త్రీలు దశాబ్దాలుగా అడుగుతున్నారు. కాన్పుకి డాక్టరు కావాలా, అమ్మ కావాలా అని స్త్రీని ఎంచుకోమనడమే తప్పు. రెండూ ఎందుకు ఉండకూడదు?

కేకు కోసే ముందు మేం పిల్లలకి ఆ చోటు కథ చెప్పాం. చెప్పాలా వద్దా అని మరిదికీ చెల్లెలికీ కాసేపు వాదన జరిగింది. పుట్టినరోజునాడు ఎందుకు అని ఆయన. పదేళ్ల పిల్ల మూడు వారాలు ఆ నేలమీద తిరిగి కంగారూలని, ఎర్ర ఇసకని మాత్రమే తెలుసుకుని పోతే ఎలా అని ఈమె. చెల్లెలే చెప్పింది, సూటిగా, భయపెట్టకుండా. పిల్ల కాసేపు ఊరుకుని, "నేను పుట్టినరోజు ఏం జరిగిందో చెప్పు" అని తల్లిని అడిగింది. పద్నాలుగు గంటల నొప్పులు, మరిది కంగారులో కారు తాళాలు పారేసుకోవడం, పుట్టగానే పిల్ల ఏడవకపోతే నర్సు పాదాలు రుద్దడం, చెల్లెలు అన్నీ చెప్పింది. పదేళ్లలో కేకులు చాలా కోశారు గాని ఆ కథ ఆమెని ఎవరూ అడగలేదట. నేనూ అడగలేదు.

అది విన్నాక నేను మరిదితో పోట్లాడాను, కాస్త గట్టిగానే. వచ్చే ఏడు పుట్టినరోజుల జాబితా నీ చేతిరాతలో ఉండాలి అన్నాను, సాయం చెయ్యడం కాదు, గుర్తుపెట్టుకోవడం దగ్గర్నుంచీ. "తప్పకుండా వదినగారూ" అన్నాడు.

మొన్న చెల్లెలు ఫోను చేసింది. మళ్లీ క్యారవాన్ ప్రయాణం అనుకుంటున్నారట, ఈసారి పడమటి వైపు. ఫ్రిజ్ మీద జాబితా వెలిసిందా అని అడిగాను. వెలిసిందట. మొదటి నాలుగు వరసలు మరిది రాశాడు. మిగతా పేజీన్నర చెల్లెలు రాసింది.